ప్లెయింటు మీద సంతకం పెట్టమంటున్నారు, పెట్టేముందు అందులో ఏం చూసుకోవాలి?

పొలంగట్టు
ఉదయం 8:40

అందరికీ నమస్కారమండీ. మా నాన్న పేరు మీద ఎకరం ముప్పై సెంట్లు మెట్ట ఉంది. పక్క పొలం ఆయన రెండు నెలల కిందట హద్దురాళ్ళు పీకేసి గట్టు మా వైపు జరిపాడు, అడిగితే అసలు ఆ ముక్క మీది కాదు పొమ్మన్నాడు, పెద్దమనుషుల్లో పెట్టినా తేలలేదు. సరే అని లాయర్ గారి దగ్గరికి వెళ్ళాం, కాగితాలన్నీ తీసుకున్నారు, నిన్న ఆయన గుమాస్తా గారు పదకొండు పేజీల ప్లెయింటు తెచ్చి ప్రతి పేజీ కింద నాన్నతో సంతకం పెట్టించుకు రమ్మన్నారు. మొత్తం ఇంగ్లీషులో ఉంది. నాన్న ‘లాయరు గారు రాశాక మనం చూసేదేముంది’ అని పెన్ను తీశాడు, నేనే ఒక్క రోజు ఆగమన్నాను. అసలు ప్లెయింటు అంటే ఏంటి, పోలీస్ స్టేషన్లో ఇచ్చే ఫిర్యాదు లాంటిదేనా? తప్పులుంటే తర్వాత కోర్టులో నోటితో చెప్పుకోవచ్చు కదా? తెలిసినవాళ్ళు చెప్పండి, సాయంత్రంలోపు కాగితాలు తిరిగివ్వాలి.

నల్లకోటు_22
ఉదయం 9:25

తమ్ముడూ, సంతకం ఆపించి చాలా మంచి పని చేశావు. ఇరవై రెండేళ్ళుగా సివిల్ వైపే ప్రాక్టీసు చేస్తున్నాను, క్లయింటు ప్లెయింటు చదవకుండా సంతకం పెట్టిన కేసుల్లో ఎక్కడ దెబ్బ తగిలిందో దగ్గరుండి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ప్లెయింటు అంటే దావా అర్జీ. సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908 ప్రకారం సివిల్ దావా అనేది ప్లెయింటు దాఖలు చేయడంతోనే మొదలవుతుంది. లాయర్ నోటీసు ఇచ్చినంత మాత్రాన దావా వేసినట్టు కాదు, వకాల్తా, అంటే లాయర్‌ని పెట్టుకుంటూ ఇచ్చే కాగితం, దాని మీద సంతకం పెట్టినంత మాత్రాన కూడా కాదు. దాన్లో ఏముండాలో ఆ కోడ్‌లోనే ఆర్డర్ 7 రూల్ 1 చెబుతుంది (ఆర్డర్ అంటే అందులో ఒక అధ్యాయం లాంటిది): ఏ కోర్టు, వాది ఎవరు, ప్రతివాది ఎవరు, ఏం జరిగింది, దావా వేసే హక్కు ఎప్పుడు ఎలా పుట్టింది, ఈ కోర్టుకే ఎందుకు వచ్చాం, ఏం కావాలి, దావా విలువెంత, కోర్టు ఫీజు ఎంత కట్టాం. పొలం ఇల్లు లాంటివైతే రూల్ 3 కింద హద్దులతోనో సర్వే నెంబరుతోనో ఆస్తిని గుర్తుపట్టేలా రాయాలి, డబ్బు దావా అయితే రూల్ 2 కింద ఖచ్చితంగా ఎంత రావాలో రాయాలి.

‘తర్వాత నోటితో చెప్పుకోవచ్చు కదా’ అన్నావు చూడు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. ప్లెయింటులో లేని సంగతి గురించి సాక్ష్యం ఎంత గట్టిగా చెప్పినా కోర్టు పక్కన పెట్టేస్తుంది. ఎందుకంటే ప్రతివాది జవాబు ఇచ్చేది నీ ప్లెయింటుకే, జడ్జి గారు ఇష్యూలు, అంటే తేల్చాల్సిన ప్రశ్నలు, వేసేది ఆ ప్లెయింటూ జవాబు దావా రెండూ పక్కపక్కన పెట్టుకునే, క్రాస్ ఎగ్జామినేషన్లో మీ నాన్నగారిని అడిగే మొదటి ప్రశ్న కూడా ‘ఈ సంగతి మీ ప్లెయింటులో రాశారా’ అనే ఉంటుంది. రాయలేదు అన్నారంటే ఆ మాట అక్కడితో సరి.

ఇంగ్లీషులో ఉందని వదిలేయొద్దు. లాయర్ గారినో జూనియర్నో కూర్చోబెట్టి పేరా పేరా తెలుగులో చెప్పమనండి, అది అడగడం మీ హక్కు. ముందు చివరి పేజీల్లో ప్రేయర్ అని ఉంటుంది, కోర్టుని ఏం కావాలని అడుగుతున్నామో అది, అక్కడ ఏం రాశారో, కాజ్ ఆఫ్ యాక్షన్ అంటే దావా హక్కు ఎలా పుట్టిందో చెప్పే పేరాలో ఏముందో, ఆస్తి వివరాలుండే షెడ్యూల్లో హద్దులు ఎలా ఉన్నాయో ఇక్కడ పెట్టు. పేర్లూ సర్వే నెంబర్లూ తీసేసి పెట్టు.

వేపచెట్టు
ఉదయం 9:50

ఫిర్యాదు అన్నారు కదా, ఒక మాట. ఫిర్యాదు క్రిమినల్ వైపు, అక్కడ ప్రభుత్వమే కేసు నడిపిస్తుంది. ఇది సివిల్, మొదటి కాగితం నుంచి చివరి కాగితం దాకా మీరే మోసుకోవాలి. మా ఇంట్లో ఆ తేడా తెలియక ఆరు నెలలు స్టేషన్ చుట్టూ తిరిగారు, వాళ్ళేమో ఇది సివిల్ తగాదా కోర్టుకి పోండి అని పంపేశారు.

చెల్లు_రాసిన_నోటు
ఉదయం 10:15

నల్లకోటు గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, నేను అనుభవించాను కాబట్టి రాస్తున్నా. మా మామయ్యకి ప్రోనోటు రాసిచ్చి తెలిసినాయన ఒకరు మూడు లక్షలు అప్పు తీసుకున్నాడు, నోటు రాసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు దావా వేయాలని అందరికీ తెలిసిందే. రెండేళ్ళ చిల్లర గడిచాక ఆయన పదివేలు తెచ్చి కట్టాడు, మామయ్య నోటు వెనకాల ఆయన చేతే చెల్లు, అంటే ఇంత కట్టానన్న రాత, రాయించి సంతకం తీసుకున్నాడు, అలా చెల్లు వేస్తే ఆ రోజు నుంచి మళ్ళీ మూడేళ్ళు లెక్క అని ఊళ్ళో అందరం చెప్పుకునేదే, చట్టంలో కూడా అదే ఉంది. దావా వేసేనాటికి నోటు తేదీ నుంచి మూడేళ్ళ ఎనిమిది నెలలు, చెల్లు తేదీ నుంచి చూస్తే ఏడాది పైన. కానీ ప్లెయింటులో నోటు తేదీ రాశారు, అప్పు మొత్తం రాశారు, చెల్లు మాట రాయనేలేదు. ఆ పదివేలు వడ్డీలో తీసేసి బాకీ లెక్క కట్టారంతే.

అవతలి లాయరు మొదటి వాయిదాకే ఈ దావాకి కాలదోషం పట్టింది, ప్లెయింటు చదివితేనే తెలుస్తోంది, కొట్టేయండి అని పిటిషన్ వేశాడు. అప్పుడు మా వైపు పరుగులు, సవరణ పిటిషన్, దానికి కౌంటరు, దాని మీద వాదనలు, ఏడాదిన్నర అందులోనే పోయింది. చివరికి సవరణ ఒప్పుకున్నారు, ఖర్చుల కింద కొంత కట్టమన్నారు. మామయ్య ఆ ఏడాదిన్నరా సరిగ్గా నిద్రపోలేదు. నోటు ఆయన బీరువాలోనే ఉంది, వెనక చెల్లు ఉంది, సంతకం ఉంది, రాయాల్సిన ఒక్క వాక్యం కాగితం మీద లేదు అంతే.

నల్లకోటు_22
ఉదయం 10:40

చాలా విలువైన సంగతి చెప్పారండీ. ఆర్డర్ 7 రూల్ 6 అని ప్రత్యేకంగా దీనికోసమే ఉంది. మామూలు గడువు దాటాక దావా వేస్తున్నప్పుడు ఏ ఆధారం మీద గడువు ఇంకా ఉందంటున్నామో ప్లెయింటులోనే చూపించాలి. చెల్లు కావచ్చు, బాకీ ఒప్పుకుంటూ రాసిచ్చిన ఉత్తరం కావచ్చు, ఏదైనా సరే అసలు గడువు బతికి ఉండగానే జరిగి ఉండాలి, గడువు పోయిన మర్నాడు రాయించుకున్న చెల్లుకి ఆ బలం లేదు. ఇంకొకటి, ఆలస్యానికి కారణం చెప్పి క్షమించమని అడిగే సెక్షన్ 5 కాలపరిమితి చట్టం (లిమిటేషన్ యాక్ట్)లో ఉంది కదా అది అప్పీళ్ళకీ పిటిషన్లకీ పనికొస్తుంది కానీ దావాకి పనికిరాదు. ఒక్క రోజు దాటినా దాటినట్టే.

పొలంగట్టు
ఉదయం 11:30

అన్నా, కూర్చుని నెమ్మదిగా చదివాను, మా చెల్లి డిగ్రీ చదువుతోంది తను కూడా సాయం చేసింది. ప్రేయర్లో ఉన్నది ఇది, మాకు అర్థమైన తెలుగులో రాస్తున్నా: ‘షెడ్యూలు ఆస్తి మీద వాది శాంతియుత స్వాధీనంలో ప్రతివాది, ఆయన మనుషులు జోక్యం చేసుకోకుండా శాశ్వత ఇంజంక్షన్ (నిషేధాజ్ఞ) ఇవ్వాలి, దావా ఖర్చులు ఇప్పించాలి, కోర్టువారికి తగునని తోచిన ఇతర ఉపశమనాలు ఇవ్వాలి.’ అంతే.

కాజ్ ఆఫ్ యాక్షన్ పేరాలో మూడు తేదీలున్నాయి, అందులో ఒకటి గట్టు జరిపిన తేదీ అన్నట్టు ఉంది కానీ మేం చెప్పిన తేదీ కాదు, దానికి పది రోజులు ముందుది. ఇక షెడ్యూలు చూస్తే తూర్పు హద్దు డొంక అని, పడమర ఆ పక్కాయన పొలం అని ఉంది. నిజానికి డొంక పడమర, ఆయన పొలం తూర్పు! నాన్నకి చదివి వినిపిస్తే ‘ఇదెవరి పొలంరా’ అన్నాడు.

నల్లకోటు_22
మధ్యాహ్నం 12:20

ఒక్కొక్కటి చూద్దాం, హద్దులు ముందు. తూర్పు పడమర తారుమారైతే రేపు కోర్టు పంపే కమిషనర్ పొలం దగ్గరికొచ్చి షెడ్యూలు పట్టుకుని చూస్తే అసలు ఆ ఆస్తి అక్కడ లేదని రిపోర్టు రాస్తాడు. మీ దస్తావేజు తీసి దాంట్లో హద్దులు ఎలా ఉన్నాయో అలాగే దించాలి, దస్తావేజులో పాత ఆసామి పేరుంటే ‘ప్రస్తుతం ఫలానా వారిది’ అని చేర్చాలి. పాస్‌బుక్‌లోని విస్తీర్ణం, దస్తావేజులోని విస్తీర్ణం కలుస్తున్నాయో లేదో కూడా చూడండి, కలవకపోతే ఎందుకు కలవడం లేదో ఒక వాక్యం ప్లెయింటులో ఉండాలి.

తేదీ. పది రోజుల తేడానే కదా అనిపిస్తుంది, కానీ ఆ రోజు మీ నాన్నగారు ఆస్పత్రిలోనో ఇంకో ఊళ్ళోనో ఉన్నారని అవతలివాళ్ళు చూపిస్తే మొత్తం కథే అబద్ధమని వాదిస్తారు. నిజమైన తేదీ వేయించండి.

ఇక ప్రేయర్. నాకు అన్నిటికన్నా ఆందోళన కలిగించింది ఇదే. మీరు మొదటి పోస్టులో రెండు మాటలన్నారు: గట్టు జరిపి ఒక ముక్క కలుపుకున్నాడు, ఆ ముక్క మీది కాదంటున్నాడు. అంటే ఆ ముక్క ఇప్పుడు మీ స్వాధీనంలో లేదు, పైగా మీ హక్కునే కాదంటున్నాడు. ఉత్త ఇంజంక్షన్ దావా అనేది స్వాధీనం మన చేతిలో ఉన్నప్పుడు దాన్ని కాపాడుకోవడానికి. చేయి దాటిపోయిన ముక్కని అది వెనక్కి తేలేదు.

దీని మీద సుప్రీంకోర్టు 2008లో అనాతుల సుధాకర్ కేసులో చాలా స్పష్టంగా చెప్పింది, మన తెలుగు నేల నుంచి వెళ్ళిన కేసే అది. స్వాధీనం మనదే, హక్కు మీద గొడవ లేదు, ఉత్తినే అడ్డుపడుతున్నాడంటే ఇంజంక్షన్ చాలు. స్వాధీనం మనదే కానీ హక్కు మీద మబ్బు కమ్మిందంటే హక్కు ప్రకటన అంటే డిక్లరేషన్, దాంతోపాటు ఇంజంక్షన్ అడగాలి. హక్కు మీదా గొడవే, స్వాధీనం కూడా పోయిందంటే డిక్లరేషనూ, స్వాధీనం ఇప్పించమనీ, ఇంజంక్షనూ అన్నీ అడగాలి. మీరు చెప్పినదాన్ని బట్టి ఆ ముక్క వరకు మూడోది, మిగతా పొలానికి రెండోది అవుతుంది. చివర్లో ‘తగునని తోచిన ఇతర ఉపశమనాలు’ అని ఉంది కదా కోర్టే చూసుకుంటుంది అనుకోవద్దు, ఆ వాక్యంలోంచి అడగని స్వాధీనం రాదు.

మీ లాయర్ గారు కాగితాలు చూశారు, నేను చూడలేదు, కాబట్టి తప్పని తీర్పు చెప్పడం లేదు. కానీ ఈ ప్రశ్న మాత్రం సంతకం పెట్టకముందే అడగండి.

పొలంగట్టు
మధ్యాహ్నం 12:55

అన్నా ఇప్పుడు గుర్తొస్తోంది, గుమాస్తా గారు ‘ఇంజంక్షన్ అయితే ఫీజు తక్కువ అవుతుంది, త్వరగా ఆర్డర్ కూడా వస్తుంది’ అన్నారు. మేం ముక్క పోయిన సంగతి చెప్పామో, ఉత్తినే గొడవ చేస్తున్నాడని చెప్పామో ఇప్పుడు ఖచ్చితంగా గుర్తులేదు. నాన్న ‘గట్టు దగ్గర గొడవ’ అని మాత్రమే అన్నాడేమో.

పాత_గుమాస్తా
మధ్యాహ్నం 1:30

బాబూ, నేను ముప్పై ఏళ్ళు లాయర్ల దగ్గర గుమాస్తాగా చేసి మానేశాను. ఇలా జరిగేది చాలాసార్లు అక్కడే. క్లయింటు రెండు ముక్కల్లో చెబుతాడు, ఆఫీసులో జనం ఉంటారు, పాత ఇంజంక్షన్ దావా ఒకటి కంప్యూటర్లో ఉంటుంది, పేర్లూ హద్దులూ మార్చి ప్రింటు తీస్తారు. నీ హద్దులు తారుమారయ్యాయంటే అలాగే జరిగుంటుందని నా అనుమానం. కోపం తెచ్చుకోకుండా మళ్ళీ వెళ్ళి గట్టు ఎప్పుడు, ఎవరు, ఎన్ని గజాలు జరిపారు, చూసినవాళ్ళెవరు, అన్నీ ఒక తెల్లకాగితం మీద తేదీల వారీగా తెలుగులో రాసి లాయర్ గారి చేతికే ఇయ్యి. మంచి లాయర్లు ఆ కాగితం చూసి సంతోషిస్తారు.

కోర్టు ఫీజు గురించి కూడా దాపరికం లేకుండా చెబుతా. మన 1956 కోర్టు ఫీజు చట్టం కింద ఉత్త ఇంజంక్షన్‌కి మనం వేసుకున్న విలువ మీద ఫీజు, అందుకే తక్కువలో పోతుంది. డిక్లరేషన్ అడిగితే ఆస్తి మార్కెట్ విలువని పట్టుకుని లెక్క కట్టాలి కాబట్టి పెరుగుతుంది, మార్కెట్ విలువకి రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్ తెచ్చి జత చేయాలి. పెరుగుతుందని భయపడి అడగాల్సింది అడగకపోతే కట్టిన ఆ తక్కువ ఫీజు కూడా వృథాయే కదా.

లా_మూడో_ఏడు
మధ్యాహ్నం 2:05

నమస్తే సార్, నేను లా థర్డ్ ఇయర్, రెండు డౌట్లు. ఒకటి, రెండు నెలల కిందటే స్వాధీనం పోయింది కదా, స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు అయితే హక్కు నిరూపించకుండానే స్వాధీనం వెనక్కి అడగొచ్చు కదా, అది తేలిక కాదా? రెండు, ప్లెయింటు రిజెక్ట్ అవ్వడం, రిటర్న్ అవ్వడం, దావా కొట్టేయడం ఈ మూడూ మా క్లాసులో చెప్పారు గానీ నాకు కలిసిపోతున్నాయి.

నల్లకోటు_22
మధ్యాహ్నం 2:50

మంచి ప్రశ్నలు. సెక్షన్ 6 నిజంగా ఉపయోగపడే దారి, మన అనుమతి లేకుండా, చట్టప్రకారం కాకుండా తోసేశాడని చూపిస్తే చాలు, హక్కు ఎవరిదన్న ప్రశ్న అక్కడ రాదు. ఆ తీర్పు మీద అప్పీలు కూడా లేదు. అయితే హక్కు గొడవ అలాగే మిగిలిపోతుంది, అవతలాయన తర్వాత హక్కు దావా వేసుకోవచ్చు. ఈ కేసులో పక్కాయన నీది కాదంటున్నాడు కాబట్టి ఎలాగూ ఆ పేచీ తేల్చుకోవాల్సిందే, నా మొగ్గు సమగ్రమైన దావా వైపే. కానీ కాగితాలు బలహీనంగా ఉంటే సెక్షన్ 6 ఆలోచించదగ్గదే, పొలంగట్టు తమ్ముడు వాళ్ళ లాయర్ గారితో ఇది కూడా మాట్లాడాలి, ఆరు నెలల గడువు నడుస్తోంది.

రెండోది. రిటర్న్ అంటే ఈ కోర్టుకి అధికారం లేదు, సరైన కోర్టులో వేసుకో అని ప్లెయింటు మన చేతికి తిరిగివ్వడం, ఆర్డర్ 7 రూల్ 10. పొలం ఒక చోట ఉంటే దావా ఇంకో చోట వేస్తే ఇలా అవుతుంది, స్థిరాస్తి దావా ఆస్తి ఉన్న చోటే వేయాలి. రిజెక్ట్ అంటే రూల్ 11, ప్లెయింటు చదివితేనే దావా హక్కు కనిపించకపోవడం, ఏ చట్టం వల్లనో నిషేధం ఉందని ప్లెయింటులోనే తేలిపోవడం, విలువ తక్కువ వేసి సరిచేయమన్నా చేయకపోవడం, ఫీజు లోటు పూడ్చకపోవడం లాంటివి. అక్కడ జడ్జి గారు చూసేది ప్లెయింటూ దాంతో జతచేసిన కాగితాలూ మాత్రమే, ప్రతివాది తన జవాబులో ఏం రాశాడన్నది చూడరు. దావా కొట్టేయడం అంటే విచారణంతా అయ్యాక మంచిచెడ్డలు చూసి తీర్పివ్వడం.

ఒక తేడా పరీక్షల్లో కూడా అడుగుతారు: రిజెక్షన్‌ని చట్టం డిక్రీ, అంటే దావాలో తుది నిర్ణయం, కింద లెక్కిస్తుంది కాబట్టి అప్పీలు వెళ్ళొచ్చు, అలాగే రూల్ 13 ప్రకారం లోపం సరిచేసుకుని, గడువు మిగిలి ఉంటే, అదే విషయం మీద కొత్త ప్లెయింటు కూడా వేయొచ్చు. దావా కొట్టేశాక మాత్రం అదే మళ్ళీ వేయడానికి లేదు.

1977లో అరివందందం కేసులో సుప్రీంకోర్టు అన్నది గుర్తుపెట్టుకో: తెలివైన డ్రాఫ్టింగుతో దావా హక్కు ఉన్నట్టు భ్రమ కల్పించినా దాన్ని మొగ్గలోనే తుంచేయాలని. కాబట్టి తేదీలు దాచడం, అసలు సంగతి మరుగున పెట్టడం ఎవరూ చేయకూడదు, చేసినా నిలవదు.

ఆడపడుచు_వాటా
మధ్యాహ్నం 3:30

నాది భాగపంపకాల దావా, నా అనుభవం కాస్త వేరేగా ఉంది కాబట్టి రాస్తున్నా. మా ప్లెయింటు ముప్పై ఎనిమిది పేజీలు. మా తాతగారు ఎప్పుడు ఏ పంట వేశారు దగ్గర్నుంచి మా వదిన పెళ్ళిలో ఏమంది అన్నదాకా అన్నీ రాశారు, చదివినప్పుడు నాకు చాలా బావుందనిపించింది, నా మనసులో బాధంతా అందులో ఉంది. కానీ ఊరి చివర ఉన్న రెండు స్థలాలు షెడ్యూల్లో లేవు! నేను కాగితాల కట్టలో ఇచ్చాను, ఎవరూ చూడలేదు, నేనూ చూసుకోలేదు. మా అన్నయ్య జవాబులో ‘ఉమ్మడి ఆస్తి అంతా కలపకుండా కొంతే పంచమంటున్నారు, ఈ దావా చెల్లదు’ అని రాశాడు. ఆ రెండు స్థలాలు చేర్చడానికి సవరణ వేయాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిది పేజీల్లో పనికొచ్చినవి ఆరో ఏడో పేజీలు.

అందుకే అడుగుతున్నా సార్, పెద్దగా రాస్తే మంచిదా చిన్నగా రాస్తే మంచిదా? ఏదీ వదలకూడదు అంటారు, మళ్ళీ ఎక్కువ రాయకూడదు అంటారు.

నల్లకోటు_22
సాయంత్రం 4:10

అమ్మా, మీ బాధ అర్థమైంది. రెండు మాటలూ నిజమే, వాటి మధ్య గీత ఆర్డర్ 6 రూల్ 2 గీసింది: కీలకమైన సంగతులు రాయాలి, వాటిని రుజువు చేసే సాక్ష్యం రాయకూడదు. మీ దావాలో ఆస్తి ఉమ్మడిది అన్నది సంగతి, ఎలా ఉమ్మడిదైంది తాతగారి నుంచి నాన్నగారికి ఎలా వచ్చింది అన్నది సంగతి, వారసులెవరు, మీ వాటా ఎంత, పంచమని ఎప్పుడు అడిగారు, ఎప్పుడు కాదన్నారు ఇవన్నీ సంగతులు. ఫలానా ఆయన ఆ మాట విన్నాడు అన్నది సాక్ష్యం, అది ఆయన బోనెక్కి చెప్పాలి. వదినగారన్న మాట ఎంత నొప్పించినా దావాకి అక్కర్లేదు.

మోసం జరిగిందనో బలవంతంగా సంతకం పెట్టించారనో అంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు ఎవరు, ఎప్పుడు, ఏం చేసి మోసం చేశారో వివరాలు రాయాల్సిందే, రూల్ 4. ‘మోసపూరితంగా రాయించుకున్నారు’ అని ఒక్క మాట పడేస్తే కోర్టు దాన్ని పట్టించుకోదు.

చిన్న చిన్న పేరాలుగా, నెంబర్లు వేసి, ఒక్కో పేరాలో ఒక్కో సంగతి ఉండాలని చట్టం చెప్పడానికి కారణం కూడా ఉంది. ప్రతివాది ప్రతి సంగతినీ విడివిడిగా కాదనాలి, కాదనకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. ఒకే పేరాలో పది సంగతులు కుక్కితే ఆయన ‘ఈ పేరాలోవన్నీ అబద్ధాలు’ అని తప్పించుకుంటాడు. ‘2019 జూన్‌లో మా నాన్నగారు చనిపోయారు’ అని విడిగా రాస్తే దాన్ని కాదనలేడు కదా.

మీకు ఇంకో మాట. మీరు ఆస్తిలో ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని రాశారా, నన్ను బయటికి పంపేశారు అని రాశారా? మొదటిదైతే స్థిరమైన చిన్న ఫీజుతో అవుతుంది, రెండోదైతే మీ వాటా విలువ మీద ఫీజు పడుతుంది. ఫీజు కోసం ఒక పేరాలో ఉన్నామని, కథ కోసం ఇంకో పేరాలో గెంటేశారని రాస్తే రెండూ ఢీకొంటాయి, అవతలివాళ్ళు అక్కడే పట్టుకుంటారు.

ఆడపడుచు_వాటా
సాయంత్రం 4:25

సార్ మాది సరిగ్గా అలాగే ఉంది, నాలుగో పేరాలో ఒకటి, పదిహేడో పేరాలో ఇంకొకటి. ఇప్పుడే మా లాయర్ గారికి ఫోన్ చేస్తున్నా. విచారణ ఇంకా మొదలవ్వలేదు.

నల్లకోటు_22
సాయంత్రం 4:30

అయితే వెంటనే చూసుకోండమ్మా. విచారణ మొదలయ్యాక సవరణ అడిగితే ఎంత శ్రద్ధ పెట్టినా ముందే తెలుసుకోలేకపోయామని కోర్టుని ఒప్పించాలి, ఇప్పుడైతే ఆ బరువు లేదు.

బంజరు_నెంబరు
సాయంత్రం 4:50

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, ప్రతివాది ప్రభుత్వం అయితే ఏమన్నా తేడా ఉంటుందా? మా స్థలాన్ని రెవెన్యూవాళ్ళు ప్రభుత్వ భూమి అంటున్నారు.

పాత_గుమాస్తా
సాయంత్రం 5:05

సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలండీ, నోటీసు ఇచ్చామని ప్లెయింటులో రాయాలి కూడా, లేకపోతే అక్కడే ఆగిపోతుంది. కూల్చేస్తున్నారు లాంటి అత్యవసరం ఉంటే కోర్టు అనుమతి తీసుకుని నోటీసు లేకుండా వేయొచ్చు.

పొలంగట్టు
సాయంత్రం 6:15

ఇప్పుడే వచ్చాం. పాత గుమాస్తా గారు చెప్పినట్టు ఒక కాగితం మీద తేదీలన్నీ రాసుకుని నాన్నని తీసుకెళ్ళి లాయర్ గారినే కలిశాం. ఆయన అరగంట కూర్చోబెట్టుకున్నారు. ముక్క నిజంగా పోయిందా అని రెండుసార్లు అడిగారు, నాన్న నేల మీద వేలితో గీసి చూపించాడు, ఇదీ గట్టు, ఇదీ ఇప్పుడు జరిపిన చోటు, ఇక్కడ తాడిచెట్టు అని. ఆయన ‘ఈ మాట నాకెవరూ చెప్పలేదే’ అని అప్పటికప్పుడు జూనియర్ గారిని పిలిచి డిక్లరేషనూ స్వాధీనం కూడా కలిపి మళ్ళీ రాయమన్నారు. సెక్షన్ 6 అడిగాను, మీ దస్తావేజు 1987ది, లింకు కాగితాలు కూడా ఉన్నాయి, హక్కు గట్టిగానే ఉంది, సమగ్రంగానే వేద్దాం అన్నారు. ఆ ముక్క వరకు కొలతలతో ప్లాను గీయించి ఏ బీ సీ డీ అని గుర్తులు పెట్టి ప్లెయింటుకి జతచేయాలట, సర్వేయర్‌ని మాట్లాడుకోమన్నారు. ఫీజు పెరిగింది, నాన్న సరేనన్నాడు.

ఇంకో డౌటు. చివర్లో వెరిఫికేషన్ అని ఉంది, అక్కడ ఇంకో సంతకం. దాంతోపాటు అఫిడవిట్ కూడా ఉంది. ఒకటే మాటని మూడుసార్లు ఎందుకు?

పాత_గుమాస్తా
సాయంత్రం 6:50

చాలామంది కళ్ళు మూసుకుని పెట్టే సంతకం ఇదే. వెరిఫికేషన్‌లో ‘1 నుంచి 7 పేరాలు నాకు స్వయంగా తెలిసినవి, 8 నుంచి 12 విని నిజమని నమ్ముతున్నవి’ అని పేరా నెంబర్లతో విడగొట్టి రాయాలి, ఎక్కడ, ఏ తేదీన పెట్టారో కూడా వేయాలి. ఇప్పుడు మీ నాన్నగారి విషయంలో గట్టు జరిపినప్పుడు ఆయన అక్కడ ఉన్నారా, తర్వాత ఎవరైనా చెప్తే తెలిసిందా? ఎవరో చెప్తే తెలిసింది అయితే అది ‘స్వయంగా తెలిసినవి’లో పెట్టకూడదు. రేపు బోనులో ‘మీరు కళ్ళారా చూశారా’ అంటే ఆయన లేదంటారు, కాగితం అవునంటుంది. అఫిడవిట్ 2002 నుంచి అమల్లోకి వచ్చిన సవరణల్లో చేరింది, రాసిన సంగతులకి వాదిని బాధ్యుణ్ణి చేయడానికి పెట్టింది, అంతేగానీ అది సాక్ష్యం కింద పనికిరాదు, సాక్ష్యం విడిగా ఇవ్వాల్సిందే.

ఒరిజినల్ దస్తావేజు, పాస్‌బుక్, అడంగల్ నకళ్ళు, మీరు ఆధారపడే కాగితాలన్నీ లిస్టు వేసి ప్లెయింటుతోనే పెట్టండి. తర్వాత పెట్టాలంటే కోర్టు అనుమతి అడగాలి.

పొలంగట్టు
సాయంత్రం 7:10

చూడలేదండీ, మా బాబాయి పొలంలో ఉండి చూసి ఫోన్ చేశాడు. అంటే ఆ పేరా మార్చాలన్నమాట. రేపే చెప్తాను.

పొలంగట్టు
ఇరవై మూడు రోజుల తర్వాత

అందరికీ మళ్ళీ నమస్కారం, ఏమైందో చెప్పాలి కదా అని వచ్చాను. కొత్త ప్లెయింటు పద్నాలుగు పేజీలు వచ్చింది. ఈసారి జూనియర్ మేడం గారు ఆఫీసులో కూర్చోబెట్టి ఒక్కో పేరా తెలుగులో చెప్పారు, నాన్న కళ్ళజోడు పెట్టుకుని షెడ్యూలు మీద వేలుపెట్టి తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం అని తనే చెప్పుకుంటూ సరిచూసుకున్నాడు. ఉత్తరం హద్దులో దస్తావేజులో ఉన్న పాత పేరు ఒకటుంది, ఆ పొలం ఇప్పుడు ఆయన మనవడిది అని నాన్నే చేర్పించాడు.

కోర్టులో వేశాక వారానికి రిటర్న్ వేశారు, నాకు కంగారు పుట్టింది, రిజెక్ట్ అయిందేమో అనుకున్నా. కాదు, మార్కెట్ విలువ సర్టిఫికెట్ మీద తేదీ పాతదని, ప్లాను మీద వాది సంతకం లేదని రెండు అభ్యంతరాలు రాసి సరిచేసి మళ్ళీ వేయమన్నారు. సరిచేసి గడువులోపే తిరిగి వేశాం.

పాత_గుమాస్తా
అదే రోజు

అది ఆఫీసు రిటర్న్, ప్రతి దావాకీ ఒకటో రెండో వస్తాయి, రూల్ 10 రిటర్న్ వేరు. గడువు లెక్కకి మీరు మొదట దాఖలు చేసిన తేదీనే చూస్తారు, నెంబరు పడిన తేదీ కాదు. కానీ ఇచ్చిన గడువులో తిరిగి వేయకపోతే ఆలస్యానికి మళ్ళీ పిటిషన్ పెట్టుకోవాలి, మీరు వేసేశారు కాబట్టి ఫర్వాలేదు. నెంబరు పడిందా?

పొలంగట్టు
అదే రోజు

నిన్న పడిందండీ, ఓ.ఎస్. నెంబరు, అంటే దావా నెంబరు, ఇచ్చారు, పదహారు అక్షరాల సీఎన్ఆర్ నెంబరు కూడా, ఫోన్లో కొడితే మా దావా కనిపిస్తోంది. ప్రతివాదికి సమన్లు వెళ్ళాయి, అందాక ముప్పై రోజుల్లో జవాబు వేయాలని, కోర్టు ఒప్పుకుంటే తొంభై రోజుల దాకా పొడిగించొచ్చని మేడం గారు చెప్పారు. మధ్యంతర ఇంజంక్షన్ పిటిషన్ మీద వచ్చే సోమవారం వాయిదా. నాన్న ప్లెయింటు జిరాక్సు ఒకటి తెప్పించుకుని దస్తావేజు ఉన్న రేకుపెట్టెలోనే పెట్టాడు.